మిస్టర్ కల్లిస్

పోయిన శనివారం ఇంగ్లండ్‌లో మా ఊరు వుల్వర్‌హాంప్టన్ రింగ్ రోడ్ మీద కారులో వెళ్తుంటే మా అమ్మాయి మొలినూ స్టేడియం వైపు చూసి "స్టాన్ కల్లిస్ ఎవరు నాన్నా?" అంది. తనకి తొమ్మిదేళ్లు, ఈమధ్య కనపడిన పేరల్లా చదువుతోంది. సిగ్నల్ పడేలోపు చెప్పేంత చిన్న సంగతి కాదది. ఏదో రెండు ముక్కలు చెప్పాను గానీ రాత్రి నిద్ర పట్టలేదు, పాతవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మన తెలుగువాళ్లలో ఫుట్‌బాల్ చూసేవాళ్లకి కూడా ఈ పేరు పెద్దగా తెలియదు కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను.

నేను 2006 సెప్టెంబర్‌లో వుల్వర్‌హాంప్టన్ యూనివర్సిటీకి ఎమ్మెస్సీ చదవడానికి వచ్చాను. క్యాంపస్‌ని ఆనుకునే ఈ ఊరి ఫుట్‌బాల్ క్లబ్ వుల్వ్స్ వాళ్ల స్టేడియం, మొలినూ ఉంటుంది. క్లాసుకి వెళ్తూ వస్తూ రోజూ దాని పక్కనుంచే నడిచేవాణ్ని. స్టాన్ కల్లిస్ స్టాండ్ అన్న పేరు చూసి, మన దగ్గర కల్యాణమండపాలకి దాతల పేర్లు పెట్టినట్టు ఎవరో డబ్బున్నాయన కట్టించి ఉంటాడు అనుకున్నాను. స్టూడెంట్ వీసా మీద వారానికి 20 గంటలే పని చేయనిచ్చేవాళ్లు. ఆ 20 గంటలూ నేను విల్లెన్‌హాల్‌లో ఒక వృద్ధుల కేర్ హోమ్‌లో చేశాను, ఎక్కువగా శని, ఆదివారాలు. విల్లెన్‌హాల్ అంటే తాళాల ఊరు. మన అలీగఢ్ ఎలాగో అక్కడ అది అలాగ, వందల ఏళ్లుగా తాళాలే చేశారు.

అక్కడ కిటికీ పక్క గదిలో ఒక పెద్దాయన ఉండేవాడు. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది, చూపు కూడా బాగా తగ్గిపోయింది. పదిహేనో ఏట తాళాల ఫ్యాక్టరీలో చేరి రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాడు. కుడిచేతి బొటనవేలి గోరు పక్కన ఆకురాయి రాపిడికి గట్టిపడిన చర్మం ఇంకా అలాగే ఉండేది. నన్ను "బాబ్" అని పిలిచేవాడు. ఆ వైపు మనుషులు ప్రేమగా ఎవరినైనా అలాగే పిలుస్తారు. మొదటిసారి విన్నప్పుడు నాకు అచ్చం మన "బాబూ"లాగే వినపడింది, ఇంటికి వచ్చి అమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

శనివారం మధ్యాహ్నం మూడింటికి ఆయన రేడియో పెట్టాలి. అది నా పని. 2006-07లో వుల్వ్స్ రెండో డివిజన్‌లో ఉన్నారు, మిక్ మెక్‌కార్తీ అప్పుడే మేనేజర్‌గా వచ్చాడు. ఆట సాగుతుంటే పెద్దాయన మెల్లగా పాత రోజుల్లోకి వెళ్లిపోయేవాడు. ఒకసారి నేను ఊరికే మాట కలపడానికి "ఆ స్టాండ్ పేరు కల్లిస్ కదా, ఎవరాయన?" అన్నాను. రేడియో కట్టేయమన్నాడు. ఆట మధ్యలో రేడియో కట్టేయమనడం అదే మొదలు, అదే చివర కూడా. "మిస్టర్ కల్లిస్" అన్నాడు ముందు. ఆ రోజు నుంచి ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా ఆయన నోటివెంట వట్టి కల్లిస్ అన్న మాట రాలేదు.

మా తాతయ్య గుర్తొచ్చాడు నాకు. సికింద్రాబాద్ లాలాగూడలో రైల్వే ఉద్యోగి, హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ అంటే ప్రాణం. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ కొట్టిన టీమ్ అది. వాళ్ల కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం గురించి చెప్పేటప్పుడు ప్రతిసారీ "రహీం సాబ్" అనేవాడు తప్ప వట్టి రహీం అనలేదు. ఎక్కడి విల్లెన్‌హాల్, ఎక్కడి లాలాగూడ. కానీ ఆ గొంతు ఒకటే, నాకు వెంటనే తెలిసిపోయింది.

ముందు పెద్దాయన చెప్పింది 1947 మే 31 గురించి. ఆ ఏడాది చలికాలం ఇంగ్లండ్‌లో జనం జన్మలో చూడనంత మంచు, బొగ్గు దొరక్క ఫ్యాక్టరీలు ఆగిపోయాయి, మ్యాచ్‌లు వారాల తరబడి వాయిదా పడి సీజన్ జూన్ దాకా సాగింది. వుల్వ్స్‌కి చివరి ఆట మొలినూలోనే, లివర్‌పూల్‌తో. గెలిస్తే లీగ్ టైటిల్ వాళ్లదే. 1877లో పుట్టిన క్లబ్, అప్పటిదాకా ఒక్కసారి కూడా లీగ్ గెలవలేదు. పైగా కెప్టెన్ కల్లిస్‌కి అదే ఆఖరి ఆట. ఆ రోజుల్లో తోలు బంతి తడిస్తే రాయిలా బరువెక్కేది, తలతో కొట్టీ కొట్టీ, దెబ్బలు తిని తిని స్పృహ తప్పిన సందర్భాలు ఉన్నాయి, ఇంకో గట్టి దెబ్బ తగిలితే ప్రాణానికే ముప్పని డాక్టర్లు చెప్పేశారు. ముప్ఫై ఏళ్లకే ఆట మానేయాల్సిన పరిస్థితి.

పెద్దాయనకి అప్పుడు పన్నెండేళ్లు. నాన్నతో వెళ్లాడు. చలికాలం ఎంత చలో ఆ రోజు అంత ఎండ. 50 వేలమందికి పైగా జనం. పిల్లల్ని పెద్దవాళ్ల తలల మీదుగా చేతులు మార్చుకుంటూ ముందుకు పంపేవాళ్లట, అలా ఈయన కూడా గాల్లో ఈదుతూ వెళ్లి గ్రౌండ్ పక్కన గోడ దగ్గర దిగాడు. లివర్‌పూల్‌కి జాక్ బాల్మర్ మొదటి గోల్ కొట్టాడు. తర్వాత పొడుగ్గా వచ్చిన ఒక బంతి అందుకుని ఆల్బర్ట్ స్టబిన్స్ దూసుకుపోయాడు. ఎర్రజుట్టు మనిషి, మంచి పొడగరి. ముందు గోల్‌కీపర్ తప్ప ఎవరూ లేరు. వెనక కల్లిస్ పరిగెడుతున్నాడు. చెయ్యి చాపితే చొక్కా అందుతుంది.

చొక్కా పట్టుకు లాగితే ఏమవుతుంది? ఫ్రీ కిక్. ఈ రోజుల్లోలాగా రెడ్ కార్డ్ చూపించి పంపించేసే కాలం కూడా కాదు. గోల్ ఆగేది, టైటిల్ దక్కినా దక్కేది. ఆయన చెయ్యి చాపలేదు. స్టబిన్స్ గోల్ కొట్టాడు. తర్వాత వుల్వ్స్ తరఫున జిమ్మీ డన్ ఒకటి కొట్టినా 2-1తో ఓడిపోయారు. రెండు వారాల తర్వాత, టైటిల్ పోటీలోనే ఉన్న స్టోక్ సిటీ కూడా తమ చివరి ఆట ఓడిపోవడంతో టైటిల్ లివర్‌పూల్‌కి పోయింది.

"నేను గోడ మీద గుద్దుతూ పట్టుకో, పట్టుకో అని అరిచాను బాబ్. తిరిగి వెళ్లేటప్పుడు ఆయన్ని తిట్టాను. ఆగకుండా తిట్టాను. మా నాన్న రోడ్డు మధ్యలో ఆగి నా చెంప మీద ఒక్కటి ఇచ్చాడు. జీవితంలో ఆయన నన్ను కొట్టింది అదొక్కసారే." ఇది చెప్పి చెంప మీద చెయ్యి పెట్టుకున్నాడు పెద్దాయన, అరవై ఏళ్ల కిందటి దెబ్బ.

ఎందుకు లాగలేదని తర్వాత కల్లిస్‌ని చాలామంది అడిగారు. ఒక ఫౌల్‌తో ఛాంపియన్‌షిప్ తేల్చిన మనిషిగా చరిత్రలో మిగలడం ఇష్టం లేదన్న అర్థం వచ్చేలా జవాబిచ్చాడు. నేను ఈ సంగతి ఎన్నోసార్లు తలుచుకున్నాను. ఆ ఒక్క టైటిల్ కోసం ఆయన ఎన్నేళ్లు ఎదురుచూశాడో తెలిస్తే గానీ ఆ చెయ్యి ఎందుకు అంత బరువో అర్థం కాదు, అందుకే కొంచెం వెనక్కి వెళ్తాను.

కల్లిస్ 1916లో ఎల్స్‌మియర్ పోర్ట్‌లో పుట్టాడు. లివర్‌పూల్ దగ్గర ఓడల కాలువ పక్కన ఊరు. అదే ఊరి నుంచి జో మెర్సర్ కూడా వచ్చాడు, ఆయన కూడా పెద్ద ఆటగాడై తర్వాత మేనేజర్‌గా మాంచెస్టర్ సిటీకి 1968లో లీగ్ గెలిపించాడు. కల్లిస్ 1934లో, పదిహేడేళ్ల వయసులో వుల్వ్స్‌లో చేరాడు. సెంటర్ హాఫ్, అంటే డిఫెన్స్ మధ్యలో ఆడే మనిషి. అప్పటి సెంటర్ హాఫ్‌లు బంతి కనపడితే ఎంత దూరం పోతే అంత దూరం తన్నేవాళ్లు. ఈయన మాత్రం మోచేతులు రెక్కల్లా చాపుకుని బంతిని కాళ్ల దగ్గరే పెట్టుకుని మనుషుల్ని తప్పించుకుంటూ ముందుకు వచ్చేవాడు. పెద్దాయన మంచం మీద కూర్చునే ఒక్క మోచెయ్యి చాపి అది చూపించేవాడు, రెండోది లేవదు కదా.

ఇరవై ఏళ్లు దాటాయో లేదో క్లబ్ కెప్టెన్ అయ్యాడు. 1938లో లీగ్‌లో రెండో స్థానం. 1939లో మళ్లీ రెండో స్థానం. అదే 1939 ఏప్రిల్ 29న వెంబ్లీలో ఎఫ్‌ఏ కప్ (ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ పోటీ) ఫైనల్, అందరూ వుల్వ్స్‌దే గెలుపన్నారు, పోర్ట్స్‌మత్ చేతిలో 4-1తో చిత్తయ్యారు. (తర్వాత యుద్ధం రావడంతో ఆ కప్పు ఏడేళ్లు పోర్ట్స్‌మత్ దగ్గరే ఉండిపోయింది!) ఆ మేలో రొమేనియా మీద ఇంగ్లండ్ కెప్టెన్‌గా ఆడాడు, వయసు 22. అంత చిన్న వయసులో ఇంగ్లండ్ కెప్టెన్ అయినవాళ్లు చాలా తక్కువ.

అంతకు ఏడాది ముందు 1938 మేలో బెర్లిన్‌లో జర్మనీతో ఆట. మ్యాచ్ ముందు ఇంగ్లండ్ ఆటగాళ్లందరూ నాజీ సెల్యూట్ చేయాలని పైనుంచి ఆర్డర్. వాళ్లు చేశారు కూడా, ఆ ఫోటో ఇప్పటికీ చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. కల్లిస్ మాత్రం చేయనన్నాడని, అందుకే ఆయన్ని పక్కన పెట్టారని ఈ ఊళ్లో చెప్పుకుంటారు. ఆ రోజు ఆడిన పదకొండుమందిలో ఆయన లేడు. పెద్దాయన ఆ సంగతి గొంతు తగ్గించి చెప్పేవాడు, గుళ్లో మాట్లాడినట్టు.

1939 సెప్టెంబర్ 3న యుద్ధం మొదలైంది. కొత్త సీజన్ మూడు ఆటలకే ఆగిపోయింది. లెక్క వేసుకోండి, కల్లిస్‌కి అప్పుడు ఇరవై మూడు కూడా నిండలేదు, మళ్లీ లీగ్ మొదలయ్యేసరికి ముప్ఫైకి దగ్గరపడ్డాడు. ఒక డిఫెండర్ జీవితంలో బంగారంలాంటి ఏడేళ్లు అవి. ఆర్మీలో వ్యాయామ శిక్షకుడిగా చేరాడు, ఇటలీలో కూడా పనిచేశాడు. మధ్యమధ్యలో జనం దిగులు పోగొట్టడానికి ఇంగ్లండ్ ఆటలు పెట్టేవాళ్లు. 1943 అక్టోబర్‌లో మాంచెస్టర్‌లో స్కాట్లండ్‌ని 8-0తో ఓడించిన టీమ్‌లో క్లిఫ్ బ్రిటన్, కల్లిస్, మెర్సర్ ముగ్గురూ పక్కపక్కన ఆడారు. అంత గొప్ప మిడిల్ లైన్ మళ్లీ చూడలేదని పాతవాళ్లు అంటారు. అలా కల్లిస్ ఆడిన 20 యుద్ధకాలపు ఇంటర్నేషనల్ మ్యాచ్‌లు రికార్డుల్లో లెక్కలోకి రావు. అధికారికంగా ఆయన ఖాతాలో ఉన్నవి 12 మాత్రమే. ఈ అంకె చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

కాబట్టి 1947లో ఆ ఎండలో స్టబిన్స్ వెనక పరిగెత్తిన మనిషి దగ్గర ఆటగాడిగా ఒక్క కప్పూ లేదు, ఒక్క టైటిలూ లేదు, రేపు అన్నది కూడా లేదు. అయినా చెయ్యి చాపలేదు.

ఒక ఏడాది అసిస్టెంట్‌గా చేసి 1948 జూన్‌లో, 31 ఏళ్లకి మేనేజర్ అయ్యాడు. నిన్నటిదాకా పక్కన నిలబడి ఆడిన బిల్లీ రైట్‌లాంటి వాళ్లకే ఇప్పుడు బాస్. మరుసటి ఏడాదే, 1949లో లెస్టర్ మీద 3-1తో ఎఫ్‌ఏ కప్. పదేళ్ల కిందట తలవంచుకుని వచ్చిన అదే వెంబ్లీలో. మనిషి మాత్రం నిప్పు. కానుక్ చేజ్ అడవిలో నిలువు దిబ్బల మీదకి ఆటగాళ్లని పరిగెత్తించేవాడు, సగంలో వాంతులు చేసుకున్నవాళ్లున్నారట. కోపం వస్తే గోడలు అదిరేవి గానీ బూతు మాట ఒక్కటి రాదు. బూతు రావాల్సిన చోట "ఫ్లాపింగ్" అని ఒక మాట వాడేవాడు, అంతే. పెద్దాయన నేను టీ ఒలకబోసినప్పుడల్లా అదే మాట అనేవాడు.

ఆటగాడిగా బంతిని కాళ్ల దగ్గర అట్టిపెట్టుకున్న మనిషి మేనేజర్‌గా మాత్రం బంతి ఎంత త్వరగా ముందుకు పోతే అంత మంచిది అన్నాడు. వైమానిక దళంలో అకౌంట్స్ ఆఫీసర్ చార్ల్స్ రీప్ ఆటలో ప్రతి పాస్‌నీ కాగితం మీద గుర్తులు పెట్టి లెక్కలు తీసేవాడు, ఆ లెక్కలు కల్లిస్‌కి నచ్చాయి. ఈ పద్ధతిని తన్ని పరిగెత్తడం అని చులకన చేసినవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నాకైతే వాళ్లు స్కోర్లు చూడలేదనిపిస్తుంది. 1954లో మొదటి లీగ్ టైటిల్, తర్వాత 1958, 1959లో వరసగా రెండు, 1960లో మళ్లీ ఎఫ్‌ఏ కప్. 1958 నుంచి 1961 దాకా వరసగా నాలుగు సీజన్లలో లీగ్‌లో వందకి పైగా గోల్స్.

కానీ పెద్దాయనకి వీటన్నిటికంటే ఇష్టమైంది 1954 డిసెంబర్ 13, సోమవారం రాత్రి. మొలినూలో అంతకు ముందు ఏడాదే ఫ్లడ్‌లైట్లు పెట్టారు, ఆ వెలుగులో మెరిసేలా బంగారు రంగు చొక్కాలు ప్రత్యేకంగా కుట్టించారు. హంగరీ నుంచి హోన్వెద్ టీమ్ వచ్చింది. పుష్కాష్, కోచిష్, బోజిక్. వీళ్లున్న హంగరీ జట్టే 1953లో వెంబ్లీలో ఇంగ్లండ్‌ని 6-3తో, ఆరు నెలల తర్వాత బుడాపెస్ట్‌లో 7-1తో తొక్కేసింది. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ తెలిసిన ప్రతి ఇంట్లో ఆ అవమానం ఉంది. ఆ రాత్రి రెండో హాఫ్ బీబీసీలో లైవ్.

పావుగంట తిరక్కుండానే హోన్వెద్ 2-0. పెద్దాయనకి పంతొమ్మిదేళ్లు, ఫ్యాక్టరీ నుంచి మురికి బట్టలతోనే వచ్చి స్టాండ్‌లో నిలబడ్డాడు. వాళ్ల పాస్‌లు చూస్తుంటే ఓడిపోతున్నామన్న బాధ కూడా కలగలేదట, అంత అందంగా ఆడారు. కానీ గ్రౌండ్ బురద. అప్పటికే వాన పడి తడిగా ఉన్న గ్రౌండ్‌ని కల్లిస్ ఆ పొద్దున కుర్రాళ్ల చేత ఇంకా తడిపించాడు. ఆ కుర్రాళ్లలో ఒకడైన రాన్ అట్కిన్సన్, తర్వాత తానూ పేరున్న మేనేజర్ అయ్యాక, ఈ సంగతి బయటపెట్టాడు. మొదట విన్నప్పుడు నాకు కొంచెం చివుక్కుమంది, చొక్కా పట్టుకోని మనిషి ఇలా చేశాడా అని. పెద్దాయన్ని అడిగాను కూడా. "చొక్కా వేరు, బురద వేరు బాబ్. బురదలో ఇద్దరూ ఆడాలి" అన్నాడు. ఆ జవాబు నాకు సరిపోయింది.

హాఫ్ టైమ్ తర్వాత హంగరీ వాళ్ల కాళ్లు బురదలో కూరుకుపోయాయి. పొట్టి జానీ హాన్‌కాక్స్ పెనాల్టీ కొట్టాడు. చివర్లో రాయ్ స్విన్‌బర్న్ రెండు నిమిషాల తేడాలో రెండు గోల్స్. 3-2. పక్కన ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి తనని కౌగిలించుకుని ఏడ్చాడని చెప్పాడు పెద్దాయన. యుద్ధం ముగిసిన రోజు కూడా విల్లెన్‌హాల్‌లో అంత గోల లేదన్నాడు. మర్నాడు ఇంగ్లండ్ పత్రికలు వుల్వ్స్‌ని ప్రపంచ ఛాంపియన్లు అని రాసేశాయి. అది చూసి ఫ్రాన్స్‌లో లెకిప్ పత్రికలో గాబ్రియెల్ హానో ఒప్పుకోలేదు, సొంత గ్రౌండ్‌లో గెలవడం కాదు, ముందు మాస్కో, బుడాపెస్ట్ వెళ్లి ఆడాలి, మిలాన్, రియల్ మాడ్రిడ్ లాంటి క్లబ్బులు కూడా ఉన్నాయి అన్నాడు, యూరప్ క్లబ్బులన్నిటికీ ఒక పోటీ పెడదామన్నాడు. 1955లో యూరోపియన్ కప్ మొదలైంది. ఈ రోజు మనం అర్ధరాత్రి లేచి చూసే ఛాంపియన్స్ లీగ్ అదే. అంటే దాని వెనక ఈ ఊరి బురద కూడా కొంత ఉంది.

1958 ఫిబ్రవరి సంగతి మాత్రం పెద్దాయన ఒక్కసారే చెప్పాడు. ఫిబ్రవరి 8 శనివారం మాంచెస్టర్ యునైటెడ్, వుల్వ్స్ ఆడాలి. 6న మ్యూనిక్‌లో యునైటెడ్ విమానం కూలిపోయింది, 23 మంది చనిపోయారు. వాళ్లలో డంకన్ ఎడ్వర్డ్స్, 21 ఏళ్లు, మా పక్కనే ఉన్న డడ్లీ కుర్రాడు. అక్కడ సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో అతని బొమ్మతో రంగుల అద్దం కిటికీ ఉంది. నేను చూసొచ్చి చెబితే పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు.

తర్వాత దిగుడే. 1960లో ఒక్క పాయింట్ తేడాతో టైటిల్ బర్న్‌లీకి పోయింది. పాత ఆటగాళ్లు రిటైరయ్యారు. 1964 సెప్టెంబర్‌లో క్లబ్ బోర్డు కల్లిస్‌ని తీసేసింది. ముప్ఫై ఏళ్లు ఆ ఒక్క క్లబ్‌లోనే ఉన్న మనిషి. పెద్దాయన ఆ సాయంత్రం ఎక్స్‌ప్రెస్ అండ్ స్టార్ పేపర్ ఫ్యాక్టరీ గేటు దగ్గర కొన్నాడు. షిఫ్టు దిగిన వాళ్లంతా ఆ గేటు దగ్గరే ఆగిపోయారు, సైకిళ్లు పట్టుకుని, ఎవరూ ఇంటికి కదల్లేదు. ఆ సీజన్ చివర వుల్వ్స్ రెండో డివిజన్‌కి పడిపోయారు. కల్లిస్ తర్వాత బర్మింగ్‌హామ్ సిటీకి కొన్నేళ్లు చేశాడు గానీ పెద్దాయన ఆ ముక్క చెప్పలేదు, నేను తర్వాత చదివి తెలుసుకున్నాను.

పెద్దాయన దగ్గర ఒక బిస్కెట్ల రేకు డబ్బా ఉండేది. 2008 మొదట్లో, నా కోర్సు అయిపోయి పని మానేసే ముందు, అది తీయమన్నాడు. అడుగున 1947 మే 31 మ్యాచ్ ప్రోగ్రామ్, ఆటగాళ్ల పేర్లు అచ్చేసి గ్రౌండ్ దగ్గర అమ్మేది. కాగితం పచ్చబడి, మడతల దగ్గర బట్టలా మెత్తగా అయిపోయింది. పన్నెండేళ్ల పిల్లాడు పెన్సిల్‌తో గోల్స్ గుర్తులు పెట్టుకున్నాడు. బాల్మర్ పేరు పక్కన ఒక గీత. స్టబిన్స్ పేరు పక్కన గీత ఎంత గట్టిగా గీశాడంటే కాగితం చిరిగి చిల్లు పడింది. అవతలి వైపు ఐదో నంబర్ పేరు పక్కన ఇంకుతో, పెద్దవాడి చేతిరాతలో ఒక తేదీ ఉంది, 28 ఫిబ్రవరి 2001. కల్లిస్ చనిపోయిన రోజు.

తనకి కళ్లు కనపడవు కాబట్టి పేర్లు చదవమన్నాడు. ఒకటో నంబర్ నుంచి మొదలుపెట్టాను. ఐదో పేరు దగ్గరకి వచ్చి ప్రోగ్రామ్‌లో ఉన్నది ఉన్నట్టు చదివాను. ఆయన కుడిచెయ్యి ఎత్తి నన్ను ఆపాడు. నేను మళ్లీ మొదటి నుంచి చదివాను.